పైన పోసింది కింద బోరులోకి ఎప్పుడొస్తుంది?

ఊళ్లో సెప్టిక్ ట్యాంకు కట్టించుకునేవాళ్లు అడుగుతారు. పత్తికి మందు కొట్టే రైతు అడుగుతాడు. మూసీ కాల్వ కింద వరి వేసేవాళ్లు, ఊరి పక్కన కెమికల్ ఫ్యాక్టరీ వచ్చినవాళ్లు ఇంకా గట్టిగా అడుగుతారు: "ఇక్కడ పైన పోసింది కింద మా బోరులోకి వస్తుందా?" దీనికి రెండు జవాబులు ఎప్పుడూ రెడీగా ఉంటాయి. భయపడ్డవాళ్లు "ఎందుకు రాదు, అంతా విషమైపోతుంది" అంటారు. ధైర్యం చెప్పేవాళ్లు "నేల వడగట్టేస్తుంది, ఏం కాదు" అంటారు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఈ రెండు మాటలూ ఒక్కోచోట నిజం, ఒక్కోచోట పూర్తిగా తప్పు.

ఏది ఎక్కడ నిజమో ముందే అంచనా వేయడానికి ఒక పద్ధతి ఉంది. దానికి నాలుగు సంగతులు తెలియాలి. ఆ పదార్థం ఏమిటి, నేల ఎలాంటిది, నీళ్ల గుణం ఏమిటి, అవి ఏ దారిన దిగుతున్నాయి. మొదటి మూడింటికి లెక్కలున్నాయి, పుస్తకాల్లో పట్టికలున్నాయి. నాలుగోది మాత్రం ఊరూరికీ, చేను చేనుకూ మారిపోతుంది. మన గ్రానైట్ నేలల్లో అంచనాలు ఎక్కువగా తప్పేది ఆ దారి దగ్గరే అని నా నమ్మకం.

ముందు నీళ్ల లెక్క

మురికి చాలావరకు నేలలో తనంతట తాను పెద్దగా నడవదు, నీళ్లే మోసుకెళ్లాలి. కాబట్టి లెక్క నీళ్లతోనే మొదలవుతుంది. పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఏడాదికి సగటున 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, పంటలు తాగేస్తాయి, కొంత వాగుల్లో పోతుంది. భూగర్భ జలాల అంచనాకు ప్రభుత్వ శాఖలు వాడే లెక్క ప్రకారం, మొరంగా మారిన గ్రానైట్ నేలల్లో వాననీటిలో 8 నుంచి 11 శాతమే నీటిమట్టాన్ని చేరుతుంది. వాన 700, ఇంకేది పదో వంతు అనుకుందాం. 70 మిల్లీమీటర్లు.

ఈ నీళ్లు ఖాళీ జాగాలోకి దిగవు. నేలలో అప్పటికే తేమ ఉంటుంది. నేల మొత్తంలో ఐదో వంతు తేమ అనుకుంటే, పైనుంచి వచ్చే కొత్త నీళ్లు పాత తేమను కిందికి నెట్టుకుంటూ ఏడాదికి 35 సెంటీమీటర్ల చొప్పున దిగుతాయి. నీటిమట్టం 10 మీటర్ల లోతులో ఉందంటే, ఈ వానాకాలం పడిన చుక్క అక్కడికి చేరడానికి 28 ఏళ్లు దాటుతుంది.

ఇది వర్షాధార చేను సంగతి. వరి మడిలో లెక్క వేరు. అదే ప్రభుత్వ లెక్కలో, బోరు కింద వరికి పెట్టిన నీళ్లలో 20 నుంచి 45 శాతం తిరిగి భూమిలోకి దిగుతాయి. నీటిమట్టం ఎంత పైకి ఉంటే అంత ఎక్కువ. ఒక యాసంగి వరికి వెయ్యి మిల్లీమీటర్ల నీళ్లు పెట్టారనుకున్నా, ఏడాది వాన ఇంకించేదానికి మూడు నుంచి ఆరు రెట్లు ఆ ఒక్క పంటలోనే కిందికి పోతాయి. ఈ అంకె గుర్తుంచుకోవాలి, ఫ్లోరైడ్ దగ్గర మళ్లీ కావాలి.

అంటుకునేవి, అంటనివి

నీళ్లతోపాటు దిగే పదార్థాలన్నీ ఒకే వేగంతో దిగవు. దీన్ని కళ్లతో చూడాలంటే కాలేజీ ల్యాబులో చేయించే ఒక చిన్న ప్రయోగం చాలు. మూరెడు పారదర్శక గొట్టాలు రెండు తీసుకుని, కింద గుడ్డ కట్టి, రెండింట్లోనూ ఒకే మట్టి నింపుతారు. ఒకదాంట్లో మిథిలీన్ బ్లూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఇయోసిన్ అనే ఎర్ర రంగు నీళ్లు పోస్తారు. ఎర్ర నీళ్లు చాలావరకు ఎర్రగానే కింద గ్లాసులోకి చుక్క చుక్కగా దిగుతాయి. నీలం గొట్టం కింద గ్లాసులో మాత్రం తేటనీళ్లు. గొట్టం పక్కనుంచి చూస్తే పైన రెండు మూడు వేళ్ల మందాన మట్టి ముదురు నీలంగా మారి ఉంటుంది, దాని కింద మట్టి రంగు మట్టిదే. ఇంకా పోస్తూ ఉంటే ఆ నీలం పట్టీ మెల్లగా కిందికి జరుగుతుంది. ఆపకుండా పోస్తే ఒకరోజు గ్లాసులోకీ నీలం వస్తుంది.

నేలలో జరిగేది చాలావరకు ఈ రెండు గొట్టాల్లో కనిపిస్తుంది. బంకమట్టి రేణువుల ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. మిథిలీన్ బ్లూది ధనావేశం, అందుకే పట్టుకుంది. ఇయోసిన్‌ది రుణావేశం, అందుకే వదిలేసింది. సీసం, కాడ్మియం, జింకు లాంటి లోహాలు నీలం గొట్టం జాతి. నైట్రేట్, క్లోరైడ్ ఎర్ర గొట్టం జాతి.

నైట్రోజన్ అయితే దారిలోనే జాతి మార్చుకుంటుంది. యూరియా చల్లినా, సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకినా అందులోని నైట్రోజన్ మొదట అమ్మోనియంగా మారుతుంది. అది ధనావేశం ఉన్నది, మట్టి పట్టుకుంటుంది. గాలి తగిలే నేలలో బ్యాక్టీరియా దాన్ని కొద్ది వారాల్లోనే నైట్రేట్‌గా మార్చేస్తుంది. ఇక దాన్ని ఆపేది లేదు, నీళ్లు ఎంత వేగంగా దిగితే అదీ అంతే. అదే వరి మడిలో నీళ్లు నిలిచి గాలి అందకపోతే, వేరే బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది. అంటే ఒకే ఊళ్లో, ఒకే రకం నేలలో, వరి మడి కింద కంటే ఇళ్ల మధ్య సెప్టిక్ గుంతల కింద నైట్రేట్ ప్రమాదం ఎక్కువ ఉండొచ్చు. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. చాలా ఊళ్లలో యూరియా మీద పడే నింద కొంత గుంతల మీద పడాల్సింది.

నేల పట్టు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. మన దగ్గర ఎక్కువగా ఉన్న ఎర్ర చెల్కల్లో ఇసుక పాలు ఎక్కువ, ఉన్న బంకమట్టి కూడా లోహాలను కొద్దిగానే పట్టుకునే రకం. సేంద్రియ కర్బనం అర శాతం కూడా ఉండని చెల్కలు చాలా ఉన్నాయి. గద్వాల, అలంపూర్ వైపు రేగడి బంకమట్టికి లోహాలను పట్టే శక్తి దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. అలాగని చెల్కను తక్కువ చేయకూడదు. దానికి ఎరుపునిచ్చే ఐరన్ ఆక్సైడ్లు రేగడి సరిగ్గా పట్టుకోలేని ఫ్లోరైడ్, ఆర్సెనిక్, ఫాస్ఫేట్‌లను పట్టుకుంటాయి. ఏ పదార్థం అని చెప్పకుండా "మంచి నేల, చెడ్డ నేల" అనడంలో అర్థం లేదు.

పట్టును అంకెల్లోకి మారిస్తే

ఎంత పట్టుకుంటుందో కొలవడానికి ల్యాబులో ఒక సీసాలో మట్టి, మందు కలిపిన నీళ్లు వేసి ఒక రోజు ఊపుతారు. తర్వాత కిలో మట్టికి ఎంత అంటింది, లీటరు నీళ్లలో ఎంత మిగిలింది అని కొలుస్తారు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే అంకెను కేడీ అంటారు. పురుగుమందులు, కలుపుమందుల్లో చాలావాటికి దీన్ని ఇంకా సులువుగా అంచనా వేయొచ్చు. అవి బంకమట్టి కంటే నేలలోని సేంద్రియ కర్బనానికే ఎక్కువ అంటుకుంటాయి కాబట్టి, ఒక్కో మందు కర్బనానికి ఎంత అంటుతుందో పట్టికలో చూసి, మన నేలలో కర్బనం ఎంతుందో దానితో గుణిస్తే చాలు.

ఈ అంటుకోవడం వల్ల ప్రయాణం ఎలా ఆలస్యమవుతుందంటే, నీళ్లు ఎక్స్‌ప్రెస్ బస్సులో పోతుంటే మందు పల్లెవెలుగులో పోయినట్టు: ప్రతి స్టేజీలో కాసేపు ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. ఎన్ని రెట్లు ఆలస్యమో చెప్పే లెక్క చిన్నదే. లీటరు నేల బరువును అందులోని తేమ పాలుతో భాగించి, కేడీతో గుణించి, ఒకటి కలపాలి.

ఒక చెల్క చేను తీసుకుందాం. లీటరు నేల కిలోన్నర బరువు, తేమ ఐదో వంతు, కర్బనం 0.4 శాతం. మక్కకు కొట్టే కలుపుమందు అట్రాజిన్ కర్బనానికి ఎంత అంటుతుందో చెప్పే అంకె సుమారు 100. కాబట్టి కేడీ 0.4, ఆలస్యం 4 రెట్లు. నీళ్లు ఏడాదికి 35 సెంటీమీటర్లు దిగితే అట్రాజిన్ దాదాపు 9 సెంటీమీటర్లు దిగుతుంది. పురుగుమందు క్లోర్‌పైరిఫాస్‌కు అదే అంకె 6,000 దాకా ఉంటుంది. కేడీ 24, ఆలస్యం 181 రెట్లు. ఏడాదికి 2 మిల్లీమీటర్లు!

ఈలోగా మందు విరిగిపోతూ కూడా ఉంటుంది. అట్రాజిన్‌లో సగం విరగడానికి సుమారు 60 రోజులు పడుతుందని పుస్తకాలు రాస్తాయి. ఆ లెక్కన ఏడాదికి 64లో ఒక వంతే మిగలాలి. 9 సెంటీమీటర్లు దిగేసరికి అంత అరిగిపోయేది 10 మీటర్ల లోతుకు ఎలా చేరుతుంది? లెక్క ప్రకారం చేరకూడదు.

కానీ చేరింది. అమెరికాలో, యూరప్‌లో భూగర్భ జలాల్లో చాలాచోట్ల దొరికిన మందుల్లో అట్రాజిన్ ఒకటి. భూగర్భ జలాల భయంతోనే 2004లో యూరోపియన్ యూనియన్ దానికి అనుమతి నిలిపేసింది. లెక్కలో కూడికలు, గుణకారాలు సరిగ్గానే ఉన్నాయి. లెక్క నేలను ఎలా ఊహించుకుందో అందులో ఉంది తేడా. నేల అంతటా ఒకేలా ఉందని, ప్రతి చుక్కా ప్రతి రేణువునూ తాకుతూ దిగుతుందని అది అనుకుంది. పైగా విరగడం అనేది పై అడుగు, అడుగున్నరలో చురుగ్గా ఉండే సూక్ష్మజీవుల పని. ఆ పొరను దాటి కిందికి పోయిన మందుకు ఆ 60 రోజుల లెక్క వర్తించదు.

దారి తెలియకపోతే

వైశాఖంలో రేగడి చేను దగ్గర నిలబడి చూడండి. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగే పగుళ్లుంటాయి, కొన్ని మీటరు లోతు దాకా పోతాయి. తొలకరి గట్టిగా పడితే నీళ్లు మట్టిలోంచి వడిసి దిగవు, పగుళ్లలోంచి నేరుగా పోతాయి. చేను మీద ఉన్న మందు అవశేషాలు, ఎరువు, పేడ అన్నీ వాటితోపాటే పోతాయి. లోహాలను, మందులను అంత గట్టిగా పట్టుకోగల నేల, వాటిని తాకే అవకాశమే లేకుండా నిలబడి ఉంటుంది. మళ్లీ రెండు మూడు వానలకు రేగడి ఉబ్బి, పగుళ్లు మూసుకుని, నీళ్లు దాదాపు దిగనివ్వని నేలగా మారిపోతుంది. అదే చేను జూన్ మొదటివారంలో ఒక నేల, ఆగస్టులో ఇంకో నేల. ఏడాది మొత్తానికి ఒకే అంకె వేసే అంచనా ఇక్కడ చెల్లదు.

చెల్కల కింద కథ వేరు. పైన అడుగు, రెండడుగుల మట్టి. దాని కింద గ్రానైట్ చివికి మారిన మొరం, చాలాచోట్ల 10 నుంచి 20 మీటర్లు. దాని కింద పగుళ్లు పట్టిన రాయి, ఇంకా కింద గట్టి రాయి. మొరంలో నీళ్లు నెమ్మదిగా, అంతటా పరుచుకుని నడుస్తాయి. పగుళ్ల రాయిలో అలా కాదు. రాయి మొత్తంలో నీళ్లు నిలవగల ఖాళీ నూటికి ఒక పాలు ఉంటే గొప్ప. అదే పరిమాణం నీళ్లు అంత ఇరుకు దారిలోంచి పోవాలంటే ఎన్నో రెట్లు వేగంగా పోవాలి. ఒక పగులు ఎటు పోయి ఎక్కడ ఇంకో పగులును కలుస్తుందో పైనుంచి చెప్పలేం. పక్కింటి బోరుకు రాని వాసన పావు కిలోమీటరు అవతలి బోరుకు రావచ్చు.

ఈ సంగతిని మన ప్రాంతంలోనే ఏళ్ల తరబడి కొలిచారు. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్ఐ, ఫ్రాన్స్ భూగర్భ శాస్త్రవేత్తలతో కలిసి పని చేసింది. తర్వాత చౌటుప్పల్ దగ్గర అచ్చంగా ప్రయోగాల కోసమే బోర్లు వేసి ఒక క్షేత్రం నడిపింది. ఒక బోరులో ట్రేసర్ రంగు, అంటే నీళ్ల జాడ పట్టిచ్చే రంగు, వదిలి అది ఎక్కడ, ఎప్పుడు, ఎంత తేలుతుందో చూడటం అలాంటి చోట చేసే పనుల్లో ఒకటి. పగుళ్ల రాయిలో ఆ రంగు ముందు తొందరగా వచ్చేస్తుంది, తర్వాత చాలాకాలం సన్నగా వస్తూనే ఉంటుంది. కొంత రంగు పగులు పక్కనున్న కదలని నీళ్లలోకి జారుకుని, తీరిగ్గా బయటికి రావడమే కారణం. ఒకసారి కలుషితమైన బోరు పైన మూలం ఆగినా ఎందుకు త్వరగా బాగుపడదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఎక్కువగా తోడటం వల్ల చాలా ఊళ్లలో నీటిమట్టం మొరం దాటి పగుళ్ల రాయిలోకి దిగిపోయింది. నెమ్మదిగా నడిపించే పొర ఎండిపోయి, వేగంగా నడిపించే పొరే మనకు మిగిలింది.

ఇక్కడే మనిషి చేసిన దారుల గురించి చెప్పాలి. నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో ఫెయిలైన బోర్లు లేని ఊరు ఉండదు. మూత పెట్టని ప్రతి పాత బోరూ పై మట్టిని, మొరాన్ని తప్పించి నేరుగా పగుళ్ల రాయిలోకి దించే గొట్టం. ఎండిన బోరు చుట్టూ గుంత తవ్వి, కేసింగ్‌కు రంధ్రాలు వేసి, గులకరాళ్లు, ఇసుక నింపి వాననీళ్లు ఇంకించే పద్ధతి ఇప్పుడు బాగా ప్రచారంలో ఉంది. ఇంటి పైకప్పు నీళ్లకు అది మంచిదే. చేను మీద నుంచి కొట్టుకొచ్చే నీళ్లను మాత్రం ఆ గుంతలోకి మళ్లించొద్దని గట్టిగా చెబుతాను. గులకరాయి, ఇసుక మట్టిని ఆపుతాయి, నీళ్లలో కరిగిన మందును ఆపవు. దాన్ని ఆపగలిగేవి కర్బనం, బంకమట్టి, సూక్ష్మజీవులు. అవి ఉండేది మనం తవ్వి పారేసిన ఆ పై మట్టిలోనే. అలాంటి నీళ్లకు బోరు గుంత కంటే ఊట కుంట మేలు. ఇంకడం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలోనే శుద్ధి జరుగుతుంది.

ఫ్లోరైడ్: ఎవరూ పోయని మురికి

ఇప్పటిదాకా పైనుంచి పోసినవాటి గురించి మాట్లాడుకున్నాం. నల్గొండను దశాబ్దాల పాటు కుంగదీసిన ఫ్లోరైడ్‌ను ఎవరూ పోయలేదు. అది మన రాతిలోనే ఉంది. గ్రానైట్‌లోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల నుంచి నీళ్లలోకి కరుగుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు వంగిపోయిన కాళ్లు, బిగుసుకుపోయిన వెన్నులు ఎన్ని చూశామో చెప్పనక్కర్లేదు. ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా.

గ్రానైట్ అంతటా ఉన్నా ఫ్లోరైడ్ అన్ని బోర్లలో ఎందుకు లేదు? ఎందుకంటే ఎంత కరగాలో నిర్ణయించడంలో రాయి కంటే నీళ్ల గుణానికే పెద్ద చెయ్యి ఉంది. ఫ్లోరైట్ అంటే కాల్షియం, ఫ్లోరిన్ కలిసిన ఖనిజం. నీళ్లలో కాల్షియం ఎక్కువ ఉంటే ఫ్లోరైడ్ ఒక హద్దు దాటలేదు, దాటబోతే కాల్షియంతో కలిసి మళ్లీ గట్టిపడుతుంది. కాల్షియం తగ్గితే ఆ హద్దు పైకి జరుగుతుంది. కాల్షియం నాలుగో వంతుకు పడిపోతే ఫ్లోరైడ్ హద్దు రెండింతలవుతుంది. రసాయన సమతుల్యత నుంచి వచ్చే ఈ లెక్క నల్గొండకూ వర్తిస్తుంది, ప్రపంచంలో ఇంకెక్కడైనా వర్తిస్తుంది.

మరి కాల్షియం ఎలా తగ్గుతుంది? వరి మడిలో బోరు నీళ్లు నిలిచి ఉన్నాయనుకోండి. ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, లవణాలు ఆవిరి కావు, చిక్కబడతాయి. అలా చిక్కబడినప్పుడు ముందుగా గట్టిపడేది కాల్షియం కార్బనేట్, అంటే సున్నం. చేను దున్నినప్పుడు తేలే తెల్లటి సున్నపు గడ్డలు ఇలా ఏర్పడేవే. బంకమట్టి కూడా కాల్షియాన్ని పట్టుకుని, బదులుగా సోడియాన్ని వదులుతుంది. చివరికి మడి కింది నుంచి దిగే నీళ్లలో కాల్షియం తక్కువ, సోడియం ఎక్కువ, క్షారగుణం ఎక్కువ. క్షారగుణం పెరిగితే ఐరన్ ఆక్సైడ్లు పట్టుకుని ఉన్న ఫ్లోరైడ్‌ను కూడా వదిలేస్తాయి. ఆ నీళ్లు మళ్లీ బోరు దగ్గరికే చేరతాయి, మోటర్ మళ్లీ వాటినే మడిలోకి ఎత్తుతుంది, మళ్లీ ఆవిరి, మళ్లీ సున్నం, ఇంకొంచెం ఫ్లోరైడ్. పైన చెప్పిన 20 నుంచి 45 శాతం ఇక్కడ తిరుగుతూ ఉంటుంది. మహేశ్వరంలో నీటి రసాయన చర్యలను లెక్కగట్టే ఫ్రీక్‌సీ అనే ప్రోగ్రాంతో నమూనా కట్టినప్పుడు బయటపడింది ఇదే: వరికి పెట్టి తిరిగి దిగే నీళ్లే అక్కడ ఫ్లోరైడ్‌ను పెంచుతున్నాయి.

దీన్ని నేను పదే పదే చెప్పడానికి కారణం ఉంది. ఫ్లోరైడ్ మన తలరాత, రాయి అలాంటిది, ఏం చేస్తాం అని చాలామంది ఊరుకుంటారు. రాయిని మార్చలేం, నిజమే. నీళ్లను ఎన్నిసార్లు తిప్పి తిప్పి వాడుతున్నామనేది మాత్రం మన చేతిలో పనే.

నేలలో ఫ్లోరైడ్‌ను పట్టుకునే ఈ గుణాన్నే మనవాళ్లు తాగునీటి శుద్ధికి వాడారు. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరి అభివృద్ధి చేసి, 1970ల్లో జనంలోకి తెచ్చిన నల్గొండ టెక్నిక్‌లో నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటికలోని అల్యూమినియం మెత్తటి తరకలుగా మారి, ఫ్లోరైడ్‌ను అంటించుకుని అడుక్కి దిగుతుంది. నేలలో ఐరన్, అల్యూమినియం ఆక్సైడ్లు చేసే పనే ఇది, బిందెలో కళ్లముందు జరుగుతుంది. నీళ్ల క్షారగుణం ఎక్కువైతే ఇక్కడా పట్టు తగ్గుతుంది.

పట్టుకున్నది పోయినట్టు కాదు

మూసీ నీళ్ల సంగతి చూద్దాం. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే ఈ నది పిల్లాయిపల్లి లాంటి కాల్వల ద్వారా పొలాలకు పారుతుంది, చివరికి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిలో కత్వల (చిన్న అడ్డుకట్టల) దగ్గర నీళ్లు నిలిచి మడ్డి కొంత అడుక్కి దిగుతుంది, అందుకే దిగువకు పోయేకొద్దీ నీళ్లు కొంత మెరుగుపడతాయి. పొలాల్లోకి పారినప్పుడు లోహాలు పై జానెడు మట్టిలోనే ఆగుతాయి, ఉప్పులు ఆగవు, బోర్లలోకి దిగుతాయి. ఆ కాల్వల వెంట బావి నీళ్లు ఉప్పగా మారాయని జనం అంటుంటే, లోహాలు లేవు కదా అని కొట్టిపారేయడం తప్పు. లోహాలు బోరులో లేవు కాబట్టి ఎక్కడా లేవు అనుకోవడం అంతకంటే తప్పు. అవి వేళ్లు పాకే మట్టిలో ఉన్నాయి, ఆకుకూరల్లోకి, గడ్డిలోకి, పాలలోకి వెళ్లే దారి అది. నీలం గొట్టాన్ని గుర్తు చేసుకోండి: పట్టీ ఏడాదికేడాది మందం అవుతుంది. నేల ఆమ్లంగా మారినా, ఉప్పు బాగా పెరిగినా పట్టుకున్నదాంట్లో కొంత వదిలేస్తుంది కూడా.

యురేనియంలో ఇది మరీ స్పష్టం. లంబాపూర్-పెద్దగట్టు నిక్షేపాల విషయంలోనూ, నల్లమలలో అమ్రాబాద్ వైపు తవ్వకాల ప్రతిపాదన మీదా మన దగ్గర పెద్ద ఆందోళనలే జరిగాయి, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. భూమి లోపల గాలి తగలని చోట యురేనియం దాదాపు కరగదు, రాయిలా కూర్చుంటుంది. ఆక్సిజన్ తగిలితే కరిగే రూపంలోకి మారుతుంది. అప్పుడు కూడా ఎర్రమట్టి ఐరన్ ఆక్సైడ్లు దాన్ని పట్టుకోగలవు, కానీ నీళ్లలో బైకార్బనేట్, కాల్షియం ఉంటే వాటితో జతకట్టి పట్టు తప్పించుకుని నీళ్లతో నడుస్తుంది. మన బోరు నీళ్లలో బైకార్బనేట్ బాగానే ఉంటుంది. "మా ల్యాబులో కేడీ ఇంత వచ్చింది, యురేనియం కదలదు" అని ఎవరైనా రిపోర్టు ఇస్తే, ఏ నీళ్లతో ఊపి కొలిచారో ముందు అడగాలి. శుద్ధి చేసిన నీళ్లతో కొలిచిన అంకె మన పగుళ్ల నీళ్లకు పనికిరాదు. ఆసక్తికరంగా, ఫ్లోరైడ్‌ను అదుపులో పెట్టే కాల్షియమే యురేనియాన్ని వదిలిపెట్టడానికి సాయం చేస్తుంది.

ఫ్యాక్టరీ పర్యావరణ నివేదికల్లోనూ ఇదే చూడాలి. నేలలో నీళ్లు, మురికి కదిలే తీరును లెక్కగట్టే హైడ్రస్ లాంటి ప్రోగ్రాంలతో రంగురంగుల బొమ్మలు వేసి, 20 ఏళ్లకు కాలుష్యం ఇంత దూరమే పోతుందని చూపిస్తారు. ప్రోగ్రాం మంచిదే. అందులో వేసిన నేల ఒకే రకం ఇసుకమట్టిలా అంతటా ఒకేలా ఉందా, మొరం కింద పగుళ్ల రాయిని వేరుగా పెట్టారా, పాత బోర్లను లెక్కలోకి తీసుకున్నారా? ప్రజాభిప్రాయ సేకరణలో ఈ మూడు ప్రశ్నలు అడిగే హక్కు ఊరివాళ్లకు ఉంది.

సొంత బోరు గురించి అంచనా వేసుకోవాలంటే ప్రోగ్రాం అక్కర్లేదు. రిగ్గు పెట్టించేటప్పుడు ఎన్ని ఫీట్ల దాకా మొరం వచ్చింది, కేసింగ్ ఎంతదాకా దించారు, ఏ లోతులో నీళ్లు పడ్డాయి అనేవి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మొరం పల్చగా ఉండి, కేసింగ్ పైపైనే ఆగిపోతే ఆ బోరుకు రక్షణ తక్కువ. నీళ్లు ఏటా రెండుసార్లు, వానలకు ముందు మేలో ఒకసారి, వానలు తగ్గాక నవంబరులో ఒకసారి పరీక్ష చేయించండి. ఒక్క ఫ్లోరైడే కాకుండా నైట్రేట్, క్లోరైడ్, కాల్షియం, సోడియం, పీహెచ్ (క్షారగుణం ఎంతో చెప్పే అంకె) కూడా రాయించుకోండి. నైట్రేట్, క్లోరైడ్ రెండూ కలిసి పెరుగుతుంటే, ముఖ్యంగా మే కంటే నవంబరులో ఎక్కువగా వస్తుంటే, దగ్గర్లో ఏ గుంతనో, పాత బోరో ఇళ్ల మురుగుకు దారిస్తోందేమోనని వెతకాలి. కాల్షియం ఏడాదికేడాది తగ్గుతూ సోడియం, పీహెచ్ పెరుగుతుంటే, ఫ్లోరైడ్ ఇంకా 1.5 దాటకపోయినా సరే, ఆ బోరు కింద యాసంగి వరి తగ్గించి పల్లీ, కంది లాంటి ఆరుతడి పంటలకు మారాల్సిన టైమ్ వచ్చిందని లెక్క.